నాలుగో పేరు

ఎంతమంది అని అడిగింది లైను మొదట్లో పసుప్పచ్చ టోపీ పెట్టుకుని నిలబడ్డావిడ. నలుగురం అన్నాను, ఫోను చూపించాను, ఆవిడ తెర మీద నాలుగంకె చూసి తలూపి తాడు పక్కకి తీసింది. అంతే, అబద్ధమాడటం అంత సులువు. అబద్ధం కూడా కాదు, మేం నలుగురమే, ఫోన్లో ఉన్నదీ నలుగురే, కాకపోతే ఆ నలుగురూ ఈ నలుగురూ ఒకటి కాదు. ఫోన్లో నాలుగో పేరు మా అక్కది. మా అక్క ఈ పార్కులో లేదు, ఈ ఊళ్ళోనే లేదు, ఈ వేళప్పుడు తన ఇంట్లో మోకాలికి మందు రాసుకుంటూ కూర్చుని ఉంటుంది. ఇక్కడ నా వెనక, చెయ్యి చాపినంత దూరంలో, మా పెద్దమ్మాయి నిలబడి ఉంది, తన పేరు ఫోన్లో లేదు. పైన రైడు ఎక్కే తలుపు దగ్గర ఎవరి చేతి పట్టీ వాళ్ళు యంత్రం మీద పెట్టాలి, పేరుంటే ఆకుపచ్చ లైటు, లేకపోతే ఎర్రది, ఎర్రదానితో పాటు అందరికీ వినపడేలా ఒక కూత. ఆ తలుపు దాకా కమ్మీల మధ్య ఎన్ని మెలికలున్నాయో లెక్కపెట్టాను, ఏడు. ఇప్పుడు చెప్పేయచ్చు. తల తిప్పి, చూడమ్మా, పొరపాటు జరిగింది అనచ్చు, నాలుగు మాటలు. లైను జరిగింది. నేనూ జరిగాను. ఆరు మెలికలు.

పొద్దున ఏడింటికి తెరుస్తారు ఈ ముందు లైను బుకింగులు, రెండు నిమిషాల్లో అయిపోతాయి, ఆ సంగతి తెలిసినవాళ్ళు ఊరంతా ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. ఎవరి నిద్రా చెడగొట్టకూడదని నేను లాడ్జి గది బాత్రూంలో బకెట్ బోర్లించుకుని కూర్చున్నాను, ఆరూ యాభై ఎనిమిదికి మా ఆయన చేతి పట్టీ నంబరు కొట్టి నా ఖాతాకి జత చేశాను. టికెట్లు రెండు ఫోన్లలో కొన్నాం, నావీ మా చిన్నదానివీ నా ఫోన్లో, ఆయనవీ పెద్దమ్మాయివీ ఆయన ఫోన్లో, పెళ్ళై ఎనిమిది నెలలైనా కొన్ని పనులు ఇంకా రెండు ఇళ్ళ పనుల్లాగే జరుగుతున్నాయి. నా ఖాతా పాతది. రెండేళ్ళ క్రితం నేనూ చిన్నదీ మా అక్కా వద్దామనుకుని తెరిచిన ఖాతా, మా అక్క మోకాలు మొరాయించి మానేశాం, పేర్లు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఏడయింది. నొక్కాను. చక్రం తిరిగింది. నలుగురు, మధ్యాహ్నం మూడు పదికి, ఖాయం చేయాలా అని అడిగింది. నలుగురు. నలుగురే కదా మేం. నొక్కేశాను. బయటికొచ్చి దొరికింది అంటే ఆయన దుప్పట్లోంచే చెయ్యెత్తి దండం పెట్టాడు. పెద్దమ్మాయి మంచం మీద కూర్చుని జుట్టు దువ్వుకుంటోంది. నవ్వింది. నావైపు చూసి నవ్విన నవ్వుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు, అందులో అదొకటి.

"ఇదేం రైడే పిచ్చుకా, నేను రోజూ చేసే పనే ఇది," అంటున్నాడాయన ముందు నిలబడి, చిన్నదాన్ని భుజం మీదికి ఎత్తుకుని. "లిఫ్టు. పైకి తీసుకెళ్తారు, తాడు తెగినట్టు నటిస్తారు, అంతే. జనం డబ్బులిచ్చి మరీ భయపడతారు. మా లిఫ్టు రెండు అంతస్తుల మధ్య పది నిమిషాలు ఆగితే మాత్రం నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిడతారు."

"నిజంగా తెగితే?" అంది పిచ్చుక.

"తెగదు. తెగినా కింద పడదు. చెప్పవే పెద్దమ్మాయ్, ఎందుకు పడదు?"

"పక్క పట్టాల్ని బ్రేకులు పట్టుకుంటాయి," అంది నా వెనక గొంతు. "వేగం పెరిగితే వాటంతటవే పట్టుకుంటాయి."

"అదీ!" అన్నాడు, పరీక్షలో తనే నెగ్గినట్టు.

నాలుగేళ్ళప్పట్నుంచీ ఆ పిల్ల అడిగే ప్రశ్నట అది, తాడు తెగితే ఏమవుతుంది నాన్నా అని. సెలవల్లో ఎక్కడికెళ్దాం అంటే మీ ఇష్టం, ఏం తింటావంటే ఏదైనా పర్లేదు, ఏ రంగు గౌను అంటే ఏదైనా పర్లేదు. ఈ ఎనిమిది నెలల్లో తను నోరు తెరిచి అడిగింది ఒక్కటే, ఆ పార్కులో పై నుంచి కిందికి పడే లిఫ్టు ఉందట, అది ఎక్కుదామా అని. అడిగింది కూడా నన్ను కాదు, గాలిని. నన్ను పిలవడానికి తన దగ్గర పిలుపు లేదు. మా పిచ్చుక మూడోరోజే ఒక ఐస్‌క్రీముకి ఆయన్ని నాన్నా అనేసింది, దానికి అవన్నీ ఇట్టే అమరిపోతాయి. ఈ అమ్మాయి మాత్రం నాతో ఏదన్నా చెప్పాలంటే నేను తలెత్తేదాకా గుమ్మంలో నిలబడుతుంది. నేను తలెత్తకపోతే వెళ్ళిపోతుంది. అందుకని ఈమధ్య వంట చేస్తూ ఊరికూరికే తలెత్తి గుమ్మంవైపు చూడటం అలవాటైంది నాకు, ఎవరూ లేకపోయినా.

అయిదు మెలికలు. కమ్మీలకి వేసిన నీలం రంగు జనం చేతులు ఆనే మేరకి అరిగిపోయి కింద ఇనుము కనపడుతోంది. పక్కన మామూలు లైను, దానికో బోర్డు, తొంభై అయిదు నిమిషాలు, అందులోవాళ్ళు మమ్మల్ని పెళ్ళిలో ముందు పంక్తిలో కూర్చున్నవాళ్ళని చూసినట్టు చూస్తున్నారు. మాదీ కదలడం లేదు. పైన ఏదో ఆగిందట, సాంకేతిక తనిఖీ అని మైకులో చెప్పారు, ఇరవై నిమిషాలైంది. ఆయన చెవి రిక్కించి, మోటారు కాదు, తలుపు తాళం పడటంలేదు, ఆ చప్పుడు నాకు తెలుసు అంటున్నాడు. గోడ మీద టీవీలో ఒకమ్మాయి అదే నవ్వుతో అదే మాట చెబుతోంది, గుండె జబ్బున్నవారు, గర్భవతులు, వెన్నునొప్పి ఉన్నవారు. పేర్లు మర్చిపోయేవారు అని చెప్పదేం. పెద్దమ్మాయి వెనక గొడుగాయన, ఎండ లేని చోట కూడా గొడుగు చంకలో పెట్టుకున్నాయన, వంగి అడుగుతున్నాడు.

"పాపా, నువ్వు లైన్లో ఉన్నావా? లేకపోతే కాస్త పక్కకి..."

"ఉన్నాను."

"ఎవరితో?"

నా వీపంతా చెవి అయిపోయింది. "మా నాన్న ముందున్నారు," అంది.

"మరి ముందుకి వెళ్ళమ్మా, మధ్యలో అంత ఖాళీ ఉంటే ఎవరైనా దూరిపోతారు."

రాలేదు. ఆ ఖాళీ అలాగే ఉంది. వీధిలో నడిచినా బస్సు కోసం నిలబడ్డా అంతే, ఒక మనిషి పట్టేంత.

మూడు తాళంచెవులు. పెళ్ళైన రెండోవారం ఇంటి తలుపుకి కొత్త తాళం వేయించి నేనే వెళ్ళి చెవులు చేయించాను, మూడు. ఆయనకి, నాకు, పనికొచ్చే ఆవిడ దగ్గర ఒకటి ఉండాలి కదా అని. పిచ్చుక నాతోనే వస్తుంది, దానికెందుకు. ఆరోజు నేను ఆస్పత్రి నుంచి వచ్చేసరికి పెద్దమ్మాయి మెట్ల మీద కూర్చుని ఉంది, బడి సంచీ ఒళ్ళో పెట్టుకుని లెక్కలు చేసుకుంటోంది, రెండు గంటల నుంచీ. అయ్యో నా మతి మండ, నీకు చెవి చేయించలేదు కదూ అంటే లేచి బట్టలు దులుపుకుని పర్లేదు అంది. మర్నాడు ఆయనే మాట్లాడకుండా ఇంకో చెవి ఆకురాయితో రాసి తయారుచేసి తెచ్చి తన చేతికిచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. పెళ్ళికి ముందే అన్నాడు అనాల్సింది, కాఫీ చల్లారిపోతుంటే, గోళ్ళ సందుల్లో గ్రీజు కనపడకుండా చేతులు బల్ల కింద దాచుకుని, నాకు వేరే ఏమీ అక్కర్లేదండీ, దాన్ని ప్రేమించమని కూడా అడగను, అది అడిగితే వచ్చేది కాదు, దాన్ని లెక్కలో ఉంచుకోండి చాలు అని. అంతేనా అనుకున్నాను. ఆస్పత్రిలో ఓపీ చీటీల కిటికీ వెనక పదకొండేళ్ళుగా కూర్చుంటున్నాను, రోజుకి నాలుగొందల పేర్లు రాస్తాను, ఒక్క పేరు కూడా వదిలేసి ఎరగను. స్పృహ లేనివాడి పేరు కూడా జేబులు వెతికి రాస్తాను. లెక్కలో ఉంచుకోవడం నాకు చెప్పాలా.

వాళ్ళమ్మ వేరే ఊళ్ళో వేరే ఇంట్లో ఉంది. ఎండాకాలం సెలవలకి నెలరోజులని వెళ్ళిన పిల్ల తొమ్మిదోరోజుకి తిరిగొచ్చేసింది. ఏమైందమ్మా అంటే ఏం లేదు, అక్కడ నాకు మంచం లేదు, తమ్ముడు పెద్దవాడయ్యాడు కదా అని పెట్టెలోంచి బట్టలు తీసి అలమారలో సర్దుకుంది. ఆ రాత్రే అనుకున్నాను, ఈ పిల్ల విషయంలో ఇక జన్మలో మరుపు అనేది...

లైను కదిలింది. ఒక్కసారిగా రెండు మెలికలు లాగేసింది, జనం చప్పట్లు కొట్టారు. మూడు. పిచ్చుక ఆయన భుజం మీంచి వెనక్కి వంగి అక్కా నువ్వు నా పక్కన కూర్చోవాలి, నేను అరిస్తే నువ్వూ అరవాలి అంటోంది. సరే అంటోంది పెద్దమ్మాయి. సరే అంటోంది. ఆ సరే నాకు ఎక్కడో తేడాగా వినపడింది, ఎందుకో వెంటనే అర్థం కాలేదు, తర్వాత అయింది. మధ్యాహ్నం తిండి దగ్గర, బల్ల మీద కాగితం పళ్ళేలు, పిచ్చుక మీద పడిన సాసు నేను తడిగుడ్డతో తుడుస్తున్నాను, ఎన్నింటికి మనది అన్నాడాయన, పెద్దమ్మాయ్ అమ్మ ఫోన్లో చూడు అన్నాడు. తను చూసింది. మూడు పది అంది. మామూలుగానే అంది. ఫోను బల్ల మీద పెట్టింది, బోర్లా పెట్టింది. ఆ పిల్ల దేన్నీ బోర్లా పెట్టదు, చెప్పుల్ని కూడా గోడవారగా ముందుకి తిప్పి పెట్టే పిల్ల. అరగంట తర్వాత చేతులు కడుక్కుని వచ్చి నేను ఫోను తిప్పి చూస్తే పేర్ల పట్టీ తెరిచే ఉంది. నాలుగో పేరు కనపడగానే ఫోను పట్టుకుని పక్కకి వెళ్ళిపోయాను కానీ, ఆ పట్టీ ఎవరు తెరిచారు అని ఇప్పటిదాకా ఆలోచించలేదు. నేను తెరవలేదు.

తెలుసు. ఒంటి గంట నుంచీ తెలుసు. తెలిసే వచ్చి నిలబడింది, తెలిసే సరే అంటోంది పిచ్చుకతో, ఎర్ర లైటు తనకే అని తెలిసి అడుగులో అడుగు వేసుకుంటూ నా వెనకే వస్తోంది. ఎందుకు? వాళ్ళ నాన్న ఎదుట, ఇంతమంది ఎదుట ఆ కూత మోగాలనా, అప్పుడు ఆయన వెనక్కి తిరిగి నా మొహం చూడాలనా? పదకొండేళ్ళ పిల్ల అంత దూరం ఆలోచిస్తుందా? నేను పదకొండేళ్ళప్పుడు అంతకంటే దూరం ఆలోచించేదాన్ని. తిండి తర్వాత బాత్రూం పక్కన నిలబడి మార్చడానికి ఎన్నిసార్లు నొక్కానో, ఈ సమయానికి ఖాళీలు లేవు, ఈ సమయానికి ఖాళీలు లేవు. అక్క పేరు తీసేస్తే ఆ చోటు వేరేవాళ్ళకి పోతుంది కానీ మాకు రాదు. అప్పుడే ఆయనకి చెప్పి ఉంటే, అయ్యో దానికేముంది, నేను బయట కూర్చుంటాలే అనేవాడు, అనేసి సాయంత్రం బస్సులో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాడు. ఆ కిటికీకి భయపడి నోరు మూసుకున్నాను. మూసుకుని ఏం చేద్దామని? యంత్రం పొరపాటు పడుతుందని. చివరి నిమిషంలో ఎవరో కనికరిస్తారని.

రెండు మెలికలు. ఇంకో ప్రశ్న ఉంది, దాన్ని మధ్యాహ్నం నుంచీ పక్కకి నెడుతున్నాను. చూశానా? ఖాయం చేయాలా అని అడిగినప్పుడు నాలుగంకె కింద నాలుగు పేర్లున్నాయి, చిన్న అక్షరాలే అయినా ఉన్నాయి, నేను పేర్లతో బతికేదాన్ని, తలకిందులుగా రాసున్న పేరు కూడా చదవగలను. నా పేరు చూశాను, పిచ్చుక పేరు చూశాను, ఆయన నంబరు పక్కన పేరు సరిగ్గా పడిందో లేదో మరీ మరీ చూశాను. నాలుగోది చూడలేదు. చూడలేదా, చూడక్కర్లేదనిపించిందా? మనవి అనుకున్నవి మూడూ ఉంటే నాలుగోది ఉండే ఉంటుందిలే అనా? తాళంచెవులు మూడు. పేర్లు మూడు. తాళంచెవి అప్పుడు మరుపు అనుకున్నాను. ఒకే మనిషిని రెండుసార్లు మరిచిపోతే దానికి ఇంకో పేరుంటుంది, ఆ పేరు నా నోటితో నేనే చెప్పుకోలేను. ఆరోజు అక్కడ మంచం లేదన్నప్పుడు నాకేసి చూడకుండా అలమారలో బట్టలు సర్దుకున్న ఆ వీపు. ఇప్పుడు నా వీపు చూస్తూ నిలబడింది. అలా నిలబడి నన్ను చదువుతోందేమో.

తలుపు. ఎప్పుడొచ్చింది తలుపు? చివరి మెలిక ఉందనుకున్నాను, అది తీసేసి జనాన్ని తిన్నగా పంపుతున్నారు, ఆగిన టైం కలిసిరావాలని. యంత్రం దగ్గర ఊదారంగు చొక్కా ఆవిడ త్వరగా త్వరగా అంటోంది. ఆయన మణికట్టు పెట్టాడు, ఆకుపచ్చ. భుజం మీంచి పిచ్చుకని దించి దాని చెయ్యి పెట్టాడు, ఆకుపచ్చ, అది గెంతుతూ లోపలికి దూకింది. గొడుగాయన నెట్టాడో నేనే పక్కకి జరిగానో, నా ముందుకి పెద్దమ్మాయి వచ్చింది. ఇన్ని నెలల్లో మొదటిసారి మా ఇద్దరి మధ్య ఖాళీ లేదు, తన జడ నా చేతికి తగులుతోంది.

"పాపా, చెయ్యి పెట్టు."

పెట్టలేదు. పట్టీ ఉన్న చేతిని రెండో చేత్తో పట్టుకుని, తల తిప్పి, నావైపు చూసింది. కోపంగా కాదు. గుమ్మంలో నిలబడి నేను తలెత్తేదాకా చూస్తుందే, అలా.

"తనకి లేదండీ," అన్నాను. "తన పేరు పెట్టలేదు."

లోపల ఆయన ఆగిపోయాడు. ఊదారంగు చొక్కా ఆవిడ నా ఫోను చూసింది. "నలుగురని ఉంది కదమ్మా. సిస్టంలో ఏదో తేడా అయ్యుంటుందిలెండి, ఒక్కోసారి పేర్లు అటూఇటూ అయిపోతాయి..."

"అదే అయ్యుంటుంది," అన్నాడాయన వెంటనే. నాకోసమే అన్నాడు. ఆ మాట పట్టుకుంటే చాలు, ఒడ్డెక్కేస్తాను, జీవితాంతం సిస్టంని తిట్టుకుంటూ బతకచ్చు.

"సిస్టం తప్పు కాదు. నాలుగో పేరు మా అక్కది. నేను చూసుకోలేదు. మధ్యాహ్నమే తెలిసింది, చెప్పలేదు."

వెనక ఎవరో అబ్బా అన్నారు. ఇంకెవరో, అమ్మా ఆ సంసారమేదో పక్కకెళ్ళి చేసుకోండి, మా టైమైపోతోంది అన్నారు. పేరు మార్చే వీలు నాకు లేదమ్మా అంటోంది ఆవిడ, నిజంగా బాధపడుతోంది. నేను నా పట్టీ ఊడదీయబోయాను, గోళ్ళు జారిపోతున్నాయి, ఇది పెట్టుకుని వెళ్ళు, నువ్వెళ్ళు. తను తల అడ్డంగా ఊపింది. "అది మీది."

"నేనొస్తాను ఉండు," అని ఆయన వెనక్కి రాబోయాడు.

"నువ్వెళ్ళు నాన్నా. అదొక్కతే అయితే ఏడుస్తుంది." అప్పటికే పిచ్చుక కింది పెదవి బయటికొచ్చింది. "నువ్వు వెళ్ళు. నీతో లిఫ్టులు నేను ఎన్ని ఎక్కలేదు!"

ఆయన నావైపు చూశాడు. ఆ చూపు లెక్క ఇంటికెళ్ళాక తేలుతుంది, ఎన్ని రోజులు పడుతుందో తెలియదు, పట్టనీ. తలుపు మూసుకుంది.

ఆఖరి నిమిషంలో భయపడి వెనక్కి తగ్గేవాళ్ళ కోసం పక్కన ఒక చిన్న తలుపుంది, దానికి ఇనప మెట్లు, ఆ మెట్ల మీద ఎవరూ లేరు. తను ముందు, నేను వెనక. సగం దిగాక పైనుంచి ఒక్కసారిగా అరుపులు, వందమంది ఒకేసారి పడిపోతున్నట్టు, ఇద్దరం కమ్మీ పట్టుకుని ఆగాం. బ్రేకులు పట్టుకున్నాయి. అరుపులు నవ్వులైపోయాయి.

"నాకు తినేటప్పుడే తెలుసు," అంది.

"ఇందాక అర్థమైంది. ఎందుకు చెప్పలేదు?"

"మీరు చెప్తారేమో చూద్దామని."

"చెప్పకపోతే?"

ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, లెక్క చేసేటప్పుడు పెట్టినట్టే పెదవి పంటి కింద పెట్టి. "ఎర్ర లైటొచ్చేది. మీరు సిస్టం అనేవాళ్ళు. నేను పర్లేదు అనేదాన్ని."

నేను కమ్మీ వదల్లేదు. ఆ మాట ఇప్పుడు కూడా వస్తుందని చూస్తున్నాను, వస్తే ఎక్కడ తలదాచుకోవాలో తెలియక. రాలేదు.

"ఇది మాత్రం పర్లేదు అనను," అంది. గొంతు కొద్దిగా వణికింది, వణికినందుకు తనకే కోపం వచ్చినట్టుంది. "తాళంచెవికి అన్నాను. దీనికి అనను."

"అనొద్దు," అన్నాను. క్షమించమని అడగబోయి ఆపేశాను, అడిగితే మళ్ళీ తనే ఏదో ఒకటి ఇవ్వాల్సి వస్తుంది. "అస్సలు అనొద్దు."

కింద ఎండ ఇంకా ఉంది. మెట్లు దిగినచోటే మామూలు లైను తోక, బోర్డు మీద తొంభై అయిదు వందయింది. నాలుగు దాటింది, బస్సు ఆరున్నరకి. వంద నిమిషాలు కాళ్ళ మీద నిలబడాలి, ఏ గదిలోనూ బకెట్ మీద కూర్చుని గెలుచుకోలేనివి. తను బోర్డు చూసింది, పైన గోపురంలా లేచిన ఆ ఇనప చట్రాన్ని చూసింది, చెప్పు పట్టీ సరిచేసుకుంది, లైనువైపు నడిచింది. నేను ఎప్పటిలాగే ఎంత ఖాళీ వదలాలో తెలియక ఒక అడుగు వెనకే ఉండిపోయాను. ఇక్కడా ఒక పసుప్పచ్చ టోపీ, ఇక్కడా తాడు.

"ఎంతమంది?"

నోరు అలవాటుగా నాలుగు దగ్గరికి పోయింది.

"ఇద్దరం," అంది తను, నాకంటే ముందే. అని, నేనున్నానో లేదో చూడటానికి ఒకసారి వెనక్కి తిరిగింది.